హొరైజన్స్ బెంగ: కొలిచినవాళ్లకే మిగిలిన రైడ్

అమెరికాలో, ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లోని ఎప్‌కాట్ పార్కులో ఒకప్పుడు హొరైజన్స్ అనే రైడ్ ఉండేది. 1983 అక్టోబర్ 1న తెరిచారు. 1999 జనవరి 9న మూశారు. మరుసటి ఏడాది భవనాన్నే నేలమట్టం చేశారు. పాతికేళ్లు దాటినా దాని మీద బెంగ తీరనివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లలో కొందరు అది కూలిపోయాక పుట్టినవాళ్లు. చూడని గోడ రంగు గురించి కూడా గంటలు గంటలు వాదించుకుంటారు. తిరుపతిలో కూర్చుని చూస్తే పనీపాటా లేని వ్యవహారంలా కనిపిస్తుంది. కానీ ఈ అభిమానుల్లో రెండు రకాలు ఉన్నారు. ఒకరు తలచుకుని బాధపడేవాళ్లు, మరొకరు టేపు పెట్టి కొలిచేవాళ్లు. రైడ్ ఈ రోజుకు కాస్తయినా మిగిలిందంటే అది రెండోవాళ్ల చలవే.

హొరైజన్స్‌లో కేకలు పెట్టించేది ఏదీ లేదు. పైనున్న పట్టాకు వేలాడే పెట్టెల్లో ముగ్గురు నలుగురు కూర్చుంటే, అవి ఒకదాని వెంట ఒకటి ఆగకుండా పక్కవాటున జరుగుతూ పోయేవి. మొత్తం సుమారు 15 నిమిషాలు. మొదట, వెనకటివాళ్లు రేపటిని ఎలా ఊహించారో చూపేవారు. ఫిరంగి గుండులాంటి నౌకలో చంద్రుడి వైపు వెళ్లే జూల్స్ వెర్న్, వంటిల్లంతా చిందరవందర చేసే రోబో, నియాన్ దీపాల నగరం. తర్వాత గుమ్మటంలా వంగిన రెండు భారీ ఓమ్నిమాక్స్ సినిమా తెరలు. ఆ తర్వాత 21వ శతాబ్దంలో ఒక ఉమ్మడి కుటుంబం ఎక్కడెక్కడ స్థిరపడిందో వరసగా వచ్చేది. ఎడారిని సాగులోకి తెచ్చిన మెసా వెర్డే, సముద్రంలో సీ క్యాజిల్, అంతరిక్షంలో బ్రావా సెంటారి. మెసా వెర్డే తోట దగ్గరికి రాగానే నారింజ వాసన గుప్పుమనేది. ఎక్కినవాళ్లను ఎవరిని అడిగినా ముందు చెప్పేది ఆ వాసన గురించే.

చివర్లో పెట్టెలోని మీటలు వెలిగేవి. ఎడారి, సముద్రం, అంతరిక్షం: ఏ దారిన వెనక్కి వెళదామో ప్రయాణికులే నొక్కాలి. ఎక్కువమంది నొక్కింది ఏదైతే దాని సినిమా ఆ పెట్టె ముందు అర నిమిషం పాటు నడిచేది. పక్క పెట్టెవాళ్లకు వాళ్లు కోరుకున్నది వేరేగా కనిపించేది. 1983లో ఇది చిన్న సంగతి కాదు.

మరి ఇంత బాగున్నదాన్ని ఎందుకు కూల్చారు? "డిస్నీకి లాభాపేక్ష తప్ప మనసు లేదు" అన్నది అభిమానులు తడుముకోకుండా చెప్పే జవాబు. ఆ మాట సగమే నిజం. ఎప్‌కాట్‌లో పెద్ద ప్రదర్శనశాలలు చాలావరకు ఏదో ఒక కంపెనీ సొమ్ముతో నడిచేవి. హొరైజన్స్‌కు ఆ దాత జనరల్ ఎలక్ట్రిక్. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం అదే కంపెనీ డిస్నీ చేత చేయించిన 'కారౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్'కు ఇది కొనసాగింపు. 1993లో ఆ ఒప్పందం ముగిసింది. మన జాతర కమిటీలకు ఈ లెక్క కొత్త కాదు: దాత తప్పుకున్న ఏడాది పందిరి కొలత తగ్గుతుంది. సెట్లలో కదిలే బొమ్మల కీళ్లలో నూనె మార్చాలన్నా, సినిమా ప్రింట్లు కొత్తవి వేయాలన్నా డబ్బు పార్కు జేబులోంచే రావాలి. 1994 డిసెంబర్‌లో మూసేశారు. ఏడాది తర్వాత మళ్లీ తెరిచారు, అది కూడా ప్రేమతో కాదు. పక్కనున్న వరల్డ్ ఆఫ్ మోషన్ అనే రైడ్‌ను టెస్ట్ ట్రాక్ అనే కొత్త రైడ్ కోసం మూయాల్సి వచ్చింది, జనాన్ని ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలి. టెస్ట్ ట్రాక్ పనులు ఆలస్యమైన కొద్దీ హొరైజన్స్ ఆయుష్షు పెరిగింది. అది సిద్ధమైన 1999లోనే దీనికి నూకలు చెల్లాయి.

భవనం కింద నేల కుంగిందన్న కథ కూడా ఒకటి బాగా తిరుగుతుంటుంది. సొమ్ము లెక్క అంతా కళ్లెదుట ఉండగా నేల కుంగుడు దాకా పోవాల్సిన అవసరం కనిపించదు.

ఇంకో కారణం ఉంది, దాన్ని అభిమానులు ఒప్పుకోరు. హొరైజన్స్‌కు క్యూ ఉండేది కాదు. ఆగకుండా జరిగే పెట్టెల పద్ధతిలోనే ఆ చిక్కు ఉంది. ఉదాహరణకు 5 సెకన్లకో పెట్టె కదిలి, పెట్టెకు ముగ్గురు ఎక్కితే గంటకు 720 పెట్టెలు, 2,160 మంది. అంత జనాన్ని మింగే రైడ్ ముందు వరస నిలవదు. వరస లేనిచోట జనం లేరనుకుంటాం. తిరుపతిలో హోటల్ ఎంచుకునేటప్పుడు కూడా గుమిగూడిన చోటికే కదా వెళతాం! గంటకు కొన్ని వందల మందినే తీసుకునే రైడ్ ముందు గంటన్నర క్యూ ఉంటే అదే గొప్పదనిపిస్తుంది. హొరైజన్స్ సామర్థ్యమే దాని మీదికి వచ్చింది.

జ్ఞాపకం మీద పూర్తిగా ఆధారపడితే ఏమవుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. "కలగనగలిగితే చేసి చూపగలం" అనే అర్థం వచ్చే నినాదం వాల్ట్ డిస్నీ మాటగా లోకమంతా చలామణిలో ఉంది. మన కోచింగ్ సెంటర్ల గోడల మీద కూడా ఆయన ఫొటో కింద కనిపిస్తుంది. ఆ వాక్యం హొరైజన్స్ కోసం డిస్నీ ఉద్యోగి టామ్ ఫిట్జ్‌గెరాల్డ్ రాసింది. వాల్ట్ డిస్నీ 1966లోనే పోయారు. రైడ్ కూలిపోయింది, దాని నినాదం మాత్రం ఇంకొకరి పేరు మీద బతుకుతోంది.

ఆ స్థలంలో 2003లో మిషన్: స్పేస్ వచ్చింది. గుండ్రంగా తిప్పుతూ మనిషి బరువును సుమారు రెండున్నర రెట్లు చేసే యంత్రం అది. కడుపులో తిప్పేవాళ్ల కోసం సీట్ల దగ్గర సంచులు పెట్టాల్సి వచ్చింది, 2006లో తిప్పుడు లేని మెత్తటి రకం కూడా మొదలుపెట్టారు. లోపల తిరిగే ఒక పెద్ద చక్రం నడిమధ్యన హొరైజన్స్ గుర్తును ఉంచారు, తెలిసినవాళ్లు మాత్రమే దాన్ని వెతుక్కుంటారు. కొత్త రైడ్‌లో సాంకేతికత ఎక్కువ, వేగం ఎక్కువ, రేపటిని ఎంచుకునే వీలు మాత్రం లేదు. అభిమానులు పోగొట్టుకున్నది రోబోలను కాదు, ఆ మీటలను అని నా లెక్క. అంతరిక్షం ఒక్కటే రేపు కాదు, ఎడారిలో పంట పండించడం కూడా రేపే అని 15 నిమిషాల్లో నమ్మించి, ఎటు పోదామని అడిగిన రైడ్ అది. శ్రీహరికోటలో 2019లో తెరిచిన గ్యాలరీ నుంచి 5,000 మంది రాకెట్‌ను కళ్లారా చూడొచ్చు, ఆకాశం తేటగా ఉంటే తిరుపతి మిద్దెల మీది నుంచే ఆ గీత కనిపిస్తుంది. రాయలసీమ పిల్లవాడికి రాకెట్ కొత్త కాదు. చుక్క నీరు లేని చేనులో నారింజ తోట కాస్తుందన్న బొమ్మే కొత్త.

ఇప్పుడు కొలిచినవాళ్ల సంగతి. 1990లలో ఇద్దరు అభిమానులు నడుస్తున్న పెట్టెల్లోంచి దిగి, సెట్ల మధ్య తిరిగి, ఫొటోలు, వీడియోలు తీశారు. చేయకూడని పని, ప్రమాదం కూడా. అయినా ప్రయాణికుడికి కనిపించని వెనుక వైపు ఎలా ఉండేదో ఇవాళ తెలుస్తోందంటే వాళ్ల వల్లే. మిగతా ఆధారమంతా మామూలు కుటుంబాలు హ్యాండీక్యామ్‌తో తీసుకున్న వీడియోలు. వాటిని జోడించి కంప్యూటర్‌లో రైడ్‌ను మళ్లీ కట్టే ప్రయత్నాలు నడిచాయి. ఇక్కడ రైడ్ తీరే సాయం చేసింది. పెట్టె పక్కవాటున, దాదాపు ఒకే వేగంతో జరుగుతుంది కాబట్టి, ఒళ్లో పెట్టుకుని తీసిన వీడియో కూడా సర్వేలా పనికొస్తుంది. దగ్గరి వస్తువు తెర మీద త్వరగా జరుగుతుంది, దూరంది మెల్లగా. ఆ తేడా నుంచి లోతు లెక్కకడతారు. సెకనుకు 45 సెంటీమీటర్ల వేగం అనుకుంటే, సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ఫ్రేముకు ఒకటిన్నర సెంటీమీటరు కదలిక. ఈ లెక్కల గొలుసులో ఒక కొలత ఖాయంగా తెలిస్తే (తలుపు ఎత్తో, కుర్చీ వెడల్పో) మిగతావన్నీ దాన్నిబట్టి వస్తాయి.

లెక్క తప్పేచోట్లు కూడా ఖాయమే. కదిలే బొమ్మల చేతులు అలుక్కుపోతాయి. అద్దాలున్న సెట్‌లో కొలత మోసం చేస్తుంది. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 30 ఫ్రేముల కెమెరాతో తీస్తే తెర మిణుకుమిణుకుమంటుంది. నియాన్ రంగులు తెల్లగా పేలిపోతాయి. వాసన సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఈ ఆధారాల్లో కొంత మన ఊళ్లలోనే పడి ఉండొచ్చు. 1990లలో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లొచ్చిన పెద్దవాళ్లు తెచ్చిన టేపులు తిరుపతి, చిత్తూరు ఇళ్లలో తక్కువేం కాదు. నయాగరా, వైట్‌హౌస్ తర్వాత ఓర్లాండో వస్తుంది. "అంతా చీకటి, ముందుకు తోయండి" అని దాటేసే ముక్కలో దృశ్యం ఎడమకో కుడికో నిలకడగా జరుగుతూ, రోబోలు, నారింజ చెట్లు కనిపిస్తే ఆగి చూడండి. తెర మూలనున్న తేదీలో నెల ముందుంటుంది, రోజు తర్వాత. అది 1999 జనవరి 9 లోపుదై ఉండాలి.

ముందు చేయకూడనివి. టేపు కిటికీలోంచి చూస్తే చుట్ట అంచున తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు. అలాంటిదాన్ని మెషీన్‌లో పెట్టొద్దు. టేపును చదివే హెడ్ పాడవుతుంది, తర్వాత పెట్టే టేపులకూ అంటుకుంటుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో వారం పది రోజులు ఆరబెట్టి, తర్వాత తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించాలి. అమెరికా నుంచి తెచ్చిన వీసీఆర్‌ను ఇక్కడి ప్లగ్గులో నేరుగా పెట్టొద్దు. అది 120 వోల్టులది అయితే మన 230కి మాడిపోతుంది, వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. హెడ్‌ను ఇయర్‌బడ్ దూదితో తుడవొద్దు, పోగు చిక్కుకుని హెడ్ విరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన నూలు రాలని గుడ్డను అడ్డంగానే కదపాలి, పైకీ కిందికీ కాదు.

రెండో చిక్కు పద్ధతిది. అమెరికా టేపు ఎన్‌టీఎస్‌సీ, అంటే 525 గీతలు, సెకనుకు సుమారు 60 ఫీల్డులు (ఫీల్డు అంటే గీత విడిచి గీత తీసిన సగం ఫ్రేము). మనది పాల్: 625 గీతలు, 50 ఫీల్డులు. మన పాత వీసీఆర్‌లో పెడితే బొమ్మ నలుపు తెలుపులో దొర్లుతూ కనిపిస్తుంది, టేపు పోయిందనుకుని చెత్తలో వేస్తారు. టేపు పోలేదు, మెషీన్ వేరే కావాలి. ఆడియో క్యాసెట్ అంతే ఉన్న 8 మిల్లీమీటర్ల టేపుకు ఎన్‌టీఎస్‌సీ కెమెరానే వెతకాలి. ప్లే చేసే ముందు రికార్డింగ్ అడ్డుకునే మీట జరపాలి (వీహెచ్‌ఎస్ అయితే చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేయాలి), టేపును ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటిదాకా తిప్పాలి.

స్టూడియోకు ఇస్తే సాధారణంగా 25 ఫ్రేముల ఎంపీ4 చేసి పెన్‌డ్రైవ్‌లో పెడతారు. పెళ్లి వీడియోకు అది సరిపోవచ్చు, దీనికి సరిపోదు. 60 ఫీల్డులను 25 ఫ్రేముల్లోకి కుక్కితే ప్రతి కదలికకూ నీడ పడుతుంది, కొలతకు పనికిరాదు. 720×480, సెకనుకు 29.97 ఫ్రేములు, ఫీల్డులు కలపకుండా డీవీ (డిజిటల్ వీడియో) ఫైల్ ఇవ్వమని కాగితం మీద రాసివ్వండి. గంటకు సుమారు 13 జీబీ అవుతుంది. "అంత ఎందుకు సార్?" అంటారు. ఫీల్డులు విడిగా ఉంటే పైన చెప్పిన ఒకటిన్నర సెంటీమీటరు కాస్తా ముప్పావు సెంటీమీటరుకు దిగుతుంది. అందుకు.

ఇదే పని మన దగ్గర నడుస్తున్నవాటికి ఎందుకు చేయడం లేదన్నది అసలు ప్రశ్న. 2003లో తిరుమల ఆలయం ఎదుటి వేయికాళ్ల మండపం తొలగించారు. రాతి స్తంభానికి నంబరు, కొలత ఉంటే కనీసం మళ్లీ నిలబెట్టే మాటైనా మాట్లాడుకోవచ్చు. నడిస్తేనే ఉన్నట్టు లెక్కయ్యేవాటికి ఆ వీలు లేదు. చంద్రగిరి కోటలో సౌండ్ అండ్ లైట్ షో ఉంది, అలిపిరి దగ్గర ప్రాంతీయ విజ్ఞాన కేంద్రంలో పిల్లలు తిప్పే నమూనాలున్నాయి, జాతర ఎగ్జిబిషన్లలో జెయింట్ వీల్, కొలంబస్ తిరుగుతున్నాయి. ఫోన్లలో వీటి వీడియోలకు కొదవలేదు. అన్నీ సెల్ఫీలే, వెనక ఉన్నది మసక.

జెయింట్ వీల్‌నే తీసుకోండి. తొట్లు ఎన్నో లెక్కపెట్టాలి. ఒక తొట్టికి సుద్దముక్కతో గుర్తుపెట్టి పది చుట్లకు ఎన్ని సెకన్లో చూసి పదితో భాగించాలి. ఒక్క చుట్టే కొలిస్తే ఎక్కించే దించే ఆగుళ్లు లెక్కను చెడగొడతాయి. మోటారు మీది రేకు ఫొటో తీస్తే హార్స్‌పవర్, వేగం రెండూ దొరుకుతాయి. మీటరు కర్రను ఫ్రేములో నిలబెట్టి, ప్రతి ఫొటో ముందుదానితో మూడింట రెండొంతులు కలిసేలా చుట్టూ తిరిగి తీయాలి. ఎక్స్‌పోజర్ తాళం వేయకపోతే ఫోన్ ఫొటోఫొటోకూ వెలుతురు మార్చేస్తుంది. వీడియోకు 25 లేదా 50 ఫ్రేములు పెట్టి షట్టర్ సెకనులో 50వ వంతు ఉంచాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 60 పెడితే ట్యూబ్‌లైట్ల కింద నల్లటి పట్టీలు పాకుతాయి. చంద్రగిరి షో లాంటిదైతే ప్రదర్శన వెలుతురులో ఒకసారి, మామూలు లైట్లు వేయించి ఇంకోసారి తీయాలి. శబ్దం వేరే రికార్డర్‌లో, మనుషుల సందడి సహా. ఏ లైటు ఏ క్షణంలో వెలగాలో చెప్పే కాగితం ఆపరేటర్ దగ్గర ఉంటుంది, చాలాసార్లు పెన్సిల్ దిద్దుబాట్లతో. అనుమతి అడిగి దాన్ని కూడా ఫొటో తీసుకోండి, ఎందుకంటే దిద్దుబాటు తర్వాతి షోనే జనం చూసింది.