సవరణ: కూరగాయలను ఉడికించడం గురించి

గత వారం రాసిన "కూరగాయలను ఉడికిస్తే పోషకాలు పోతాయి" అన్న వాక్యాన్ని ఇలా సవరించి చదువుకోవలసిందిగా మనవి: ఉడికించిన నీళ్లను వార్చి పారబోసినప్పుడు నీటిలో కరిగే విటమిన్ సి, బి విటమిన్లలో ఒకటైన ఫోలేట్‌లతో పాటు పొటాషియం వంటి ఖనిజాలలో కొంత భాగం పోతుంది. విటమిన్ సి, ఫోలేట్ వేడికీ తగ్గుతాయి గాని, ఖనిజాలు నశించవు, నీళ్లలోకి దిగుతాయంతే. ఆ నీళ్లు పప్పులోనో చారులోనో కలిపితే అవి మనకే దక్కుతాయి.

ఆ వాక్యం చూసి, మునగాకును పచ్చిగానే నూరి తాగాలా అని శ్రీకాకుళం నుంచి కొందరు అడిగారు. అక్కరలేదు. మునగాకు, తోటకూరల్లోని బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ గా మారే పదార్థం) కొవ్వులో కరిగేది కనుక, ఆకు మెత్తబడేదాకా మగ్గించి నువ్వులనూనెతో తాలింపు పెట్టుకుంటేనే ఒంటికి బాగా పడుతుంది. మన విజయనగరం వైపు పెద్దవాళ్లు చేసే వంట ఈ విషయంలో సరైనదేనని నా గట్టి అభిప్రాయం. టమాటాకు ఎర్ర రంగునిచ్చే లైకోపీన్ సంగతీ అంతే. ఆనపకాయ ముక్కలైతే మూతపెట్టి సన్నని సెగమీద ఉంచితే తమ నీళ్లలోనే మగ్గుతాయి, వార్చే పనే ఉండదు.

వార్చడం మేలు చేసే సందర్భమూ ఉంది. పాలకూరలోని కరిగే ఆక్సలేట్లు (కాల్షియంతో కలిసి రాళ్లు కట్టే పదార్థాలు) నీళ్లలోకి దిగిపోతాయి కనుక, మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లతో బాధపడేవారు ఆ కూరను ఉడికించి, నీళ్లు వార్చి తినాలి.

రంగు నిలవడానికి వంటసోడా వేయడం మాత్రం మానుకోవాలి, అది విటమిన్ సి, బి1 విటమిన్ అయిన థయమిన్‌లను త్వరగా నాశనం చేస్తుంది.