డాన్స్ కావాలి, భాష మాత్రం వద్దు

ఆగస్టు వస్తే చాలు మన ఆఫీసర్లకి శ్రీకాకుళం వైపు కొండల్లో ఉండే ఆదివాసులు, సవరలు, గుర్తొస్తారు. 9న ఆదివాసీ దినోత్సవం, షామియానా, కొండ మీంచి వ్యానుల్లో దింపిన ఆడాళ్ళు, మంత్రిగారు వచ్చేదాకా ఎండలో వెయిటింగ్, రాగానే డప్పు. ఇరవై రోజులకి 29న తెలుగు భాషా దినోత్సవం, గిడుగు రామమూర్తి విగ్రహానికి దండ, ఆయన పుట్టినరోజు కదా.

ఆ గిడుగు ఏం చేశాడో దండేసే వాళ్ళకి తెలుసా? మన పర్వతాలపేటలో పుట్టి పర్లాకిమిడిలో మేష్టారుగా ఉంటూ, సవర పిల్లల కోసం తనే సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టాడు. 1938లో సవర నిఘంటువు కూడా తెచ్చాడు. ఇప్పుడు సీతంపేట కొండల్లో ఒకటో క్లాసు గుంటడికి పాఠం చెప్పే టీచరు కింద ఊర్నుంచి వస్తాడు, వాడు దాహం అన్నా ఈయనకి అర్థం కాదు. సవర వాచకాలు వేశాం కదా అంటారు. వేశారు, చెప్పేవాడేడి? ఏజెన్సీ టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే అన్న జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది, మరి దాని బదులు ఏం చేశారు? డాన్స్ పెట్టారు.

క్రైస్తవ మిషన్ల వల్ల చదువొచ్చింది, కాదనం, కానీ పెద్దల పూజతో పాటే గోడ మీది ఎడిసింగ్ బొమ్మ, ఎర్రమట్టి మీద బియ్యప్పిండితో వేసేది, చాలా ఇళ్ళల్లో పోయింది. ఇలా తమది పోవడానికి సవరలే జవాబు చెప్పారు. అటు ఒడిశాలో గుణుపురం వైపు మంగై గొమాంగో 1936లోనే 24 అక్షరాల లిపి కట్టాడు, అక్షరానికో దేవత, ఒకరి లిపి మాకెందుకని. 2012లో అది కంప్యూటర్లు వాడే అక్షరాల పట్టిక యూనికోడ్‌లోకీ ఎక్కింది, మన స్కూళ్ళలోకే ఎక్కలేదు.

ఇక మతం మారినోళ్ళని ఎస్టీ లిస్టు నుంచి తీసెయ్యాలని అరిచే బ్యాచ్ ఒకటి, సంస్కృతి పోతోందట. 1950 ఆర్డర్‌లో ఎస్టీకి మతం షరతే లేదు. ఎస్టీ కార్డు పోతే, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం కాపలా పోతుంది, భూమి పోతుంది, ఆ సంగతి వీళ్ళకి తెలీదా? 1967లో లేవిడిలో గిరిజనులు కోరన్న, మంగన్న భూస్వాముల తూటాలకి పడిపోయింది ఆ భూమి గొడవలోనే కదా. సవర భాషలో ఒక్క టీచరుని వెయ్యమని ఈ బ్యాచ్ ఏనాడైనా ధర్నా చేసిందా?

వచ్చే ఆగస్టుకి డాన్స్ పార్టీ పంపమని కొండకి కబురు పెట్టేముందు సవర తెలిసిన టీచర్లని బడికి పంపండి, లేకపోతే 29న గిడుగు విగ్రహం ఛాయలకి కూడా రాకండి.