ముందు సిమ్, తర్వాతే పాస్‌వర్డ్

ఫోన్ పోతే వెంటనే పాస్‌వర్డ్‌లన్నీ మార్చుకోమని ఒక వ్యాసంలో రాశారు. ఉన్న ఒక్క ఫోనూ పోయినవాడికి ఓటీపీ ఎక్కడికొస్తుందండీ? ముందు ఇంకొకరి ఫోన్ నుంచి కస్టమర్ కేర్‌కి చేసి సిమ్ బ్లాక్ చేయించాలి. తర్వాత ఆధార్ పట్టుకుని కంపెనీ స్టోర్‌కి వెళ్తే అదే నంబరుతో కొత్త సిమ్ ఇస్తారు.

చాలామంది కంగారుపడేది ఇక్కడే. కొత్త సిమ్ పనిచేయడం మొదలయ్యాక 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు, పోవు. సిమ్ పాడైందని మళ్లీ స్టోర్‌కి పరిగెత్తకండి, మోసాలు ఆపడానికి పెట్టిన నిబంధన అది. కాల్స్ మాత్రం వస్తాయి కాబట్టి వాట్సాప్‌లో కోడ్‌ని కాల్ ద్వారా తీసుకోవచ్చు. అదనపు భద్రత కోసం వాట్సాప్‌లో మీరే పెట్టుకున్న టూ స్టెప్ పిన్ మర్చిపోయి, ఈమెయిల్ కూడా ఇవ్వకపోయి ఉంటే 7 రోజులు ఆగాల్సిందే. యూపీఐ యాప్‌లు ఆ సిమ్ నుంచే ఎస్ఎంఎస్ పంపి నంబరును సరిచూసుకుంటాయి, అవి మర్నాటికే.

గూగుల్ ఖాతా అయితే రోజూ వాడే కంప్యూటర్‌లో, ఇంటి వైఫై మీదే ప్రయత్నించండి. నెట్ సెంటర్ నుంచి చేస్తే గూగుల్‌కి అనుమానం పెరుగుతుంది. ఫోన్ లేనప్పుడు లాగిన్ కోసం గూగుల్ ముందే ఇచ్చే 8 అంకెల బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసిపెట్టుకున్నవాళ్లు అదృష్టవంతులు, ఒక్కటి చాలు.

ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరు, బ్లాక్ చేయడానికి పోలీసు ఫిర్యాదు కాపీ కావాలి. ఆ 15 అంకెల నంబరు ఫోన్ డబ్బా మీద ఉంటుంది, డబ్బా పారేస్తే బిల్లులో వెతకండి.