ధూపపాత్ర ఈ ఏడాది ఎవరింటికి?

తైవాన్‌లో చైనా సంప్రదాయ మతమైన తావోకు చెందిన ఆలయాలను చూసి వచ్చినవారు ఎక్కువగా చెప్పేది పైకప్పు మీది డ్రాగన్ల గురించి, అగరు పొగ గురించి. ఆ గుడి ఒక పేటను ఎలా కలిపి ఉంచుతుందో తెలియాలంటే మాత్రం ‘లూజూ’ను, అంటే ధూపపాత్ర బాధ్యుణ్ణి ఎంచుకునే తంతును దగ్గర నిలబడి చూడాలి.

దీనికి ఓట్లుండవు, వేలంపాట ఉండదు. చందా ఇచ్చిన ఇళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతూ, నెలవంక ఆకారంలోని రెండు చెక్కముక్కలను దేవుడి ముందు నేల మీదికి వదులుతారు. ఒకదాని చదునైన వైపు, రెండోదాని ఉబ్బెత్తు వైపు పైకి తిరిగితే దేవుడు ఔనన్నట్టు. వరసగా ఎక్కువసార్లు అలా ఎవరి పేరున పడితే, ఏడాదిపాటు బాధ్యత వాళ్లది. చాలాచోట్ల ధూపపాత్రో, దేవుడి చిన్న విగ్రహమో వాళ్లింటికే చేరుతుంది; ఉత్సవానికి నాటక బృందాన్ని పిలవడం, విందు ఏర్పాట్లు చూడడం, చివర్లో లెక్క అప్పజెప్పడం వాళ్ల పనే. డబ్బున్నవాడు కొనుక్కోలేని, పేదవాడు తప్పించుకోలేని పెద్దరికం ఇది. పేట జీవితంలో ఈ గుడికున్న అసలు బలం ఇక్కడే ఉందని నేను నమ్ముతాను.

తైపేలోని బావోఆన్ ఆలయం ఆ బలం ఎంత దూరం వెళ్లగలదో చూపించింది. చైనాలోని ఫూజియాన్ రాష్ట్రంలో ఉన్న తోంగ్‌ఆన్ నుంచి వచ్చి స్థిరపడినవారు, 979లో పుట్టిన ఒక వైద్యుణ్ణి బావోషెంగ్ దాదీ పేరుతో అక్కడ కొలుస్తున్నారు. ఒకప్పుడు ఈ దేవుడి గుళ్లలో రోగులు అంకె వేసిన పుల్లను తీసి, ఆ అంకెకు సరిపోయే మందుచీటీతో మూలికల కొట్టుకు వెళ్లేవారు; వైద్యుడు అందుబాటులో లేని వలస పేటకు గుడే ఆసుపత్రి. శిథిలమవుతున్న ఆ కట్టడాన్ని 1995లో మొదలుపెట్టి 2002 నాటికి పునరుద్ధరించినప్పుడు, ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా ముందుకు కదిలింది ఆలయమే. 2003లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో దానికి గుర్తింపు దక్కింది.

అయితే నన్ను కలవరపెట్టేది ఒకటుంది. చందా జాబితా పాత కుటుంబాలదే అయిన చోట, కొత్త అపార్ట్‌మెంట్లలో అద్దెకు దిగినవారు గుడి ముందు నుంచి రోజూ నడిచి వెళ్తున్నా, చెక్కముక్కలు వదిలే వేళ వాళ్ల పేరు వినపడదు. పాతవాళ్ల పిల్లలేమో నగరాలకు వెళ్లిపోయారు. గోడల మీది రంగుల కంటే ముందు ఆ జాబితాను సరిచేయాలి; మూడేళ్లుగా ఆ వీధిలో ఉంటున్న అద్దె ఇంటి పేరును కూడా దేవుడి ముందు చదవాలి.