జ్ఞాపకం దెబ్బతింది సరే, లోపం ఏ కణంలో?

మతిమరుపు జబ్బుల గురించి మాట్లాడేటప్పుడు "మెదడులో ఫలానా సంకేతం ఎక్కువైంది" అని తేల్చేయడం అలవాటైపోయింది. ఏ రకం కణంలో ఎక్కువైందో అడగకపోతే మందు గురి తప్పుతుంది. కణం లోపల ఒక ప్రొటీను నుంచి మరో ప్రొటీనుకు సంకేతాన్ని అందించే రాస్-ఎర్క్ మార్గాన్నే చూడండి.

న్యూరోఫైబ్రోమటోసిస్-1, నూనన్ సిండ్రోమ్ రెండూ జన్యు సంబంధ జబ్బులే. రెండింట్లోనూ ఈ మార్గం అతిగా పనిచేస్తుంది, చాలామంది పిల్లలకు చదువు కష్టమవుతుంది. పైకి చూస్తే కథ ఒకటే. కానీ ఎలుకల్లో, మొదటి జబ్బుకు మూలమైన ఎన్‌ఎఫ్‌1 జన్యువును పక్క కణాలను రెచ్చగొట్టే ఉత్తేజక కణాల్లో మాత్రమే దెబ్బతీస్తే అవి మామూలుగానే నేర్చుకున్నాయి. గాబా అనే రసాయనం వదిలి పక్క కణాలను శాంతపరిచే నిరోధక కణాల్లో దెబ్బతీసినప్పుడు మాత్రం నీటి తొట్టెలో దాగి ఉన్న తిన్నె ఎక్కడుందో సరిగ్గా గుర్తుపెట్టుకోలేకపోయాయి. నూనన్‌కు కారణమయ్యే పీటీపీఎన్‌11 జన్యు మార్పు విషయంలో ఇది తిరగబడింది: ఉత్తేజక కణాల్లో ఉంటేనే జ్ఞాపకం చెడింది.

కారణం రెండు నాడీకణాలు కలిసే చోటు, అంటే సినాప్స్ దగ్గర కనిపిస్తుంది. ఉత్తేజక కణం మీదుండే ఎన్‌ఎండీఏ గ్రాహకం తెరుచుకోవాలంటే గ్లుటమేట్ అనే ఉత్తేజక రసాయనం తగిలితే చాలదు. దాని రంధ్రంలో ఒక మెగ్నీషియం అయాన్ అడ్డుగా కూర్చుని ఉంటుంది. అదే సమయంలో కణం విద్యుత్పరంగా ఉత్తేజితమైతేనే అది తొలగి, కాల్షియం లోపలికి వస్తుంది. కాల్షియం ఒక్కసారిగా, ఎక్కువగా వస్తే కామ్‌కే2 ఎంజైము మేలుకుని సినాప్స్‌లో ఆంపా గ్రాహకాలను పెంచి దాన్ని బలపరుస్తుంది. కొద్దికొద్దిగా చాలాసేపు వస్తే కాల్సిన్యూరిన్ అనే మరో ఎంజైము వాటిని తగ్గిస్తుంది.

న్యూరోఫైబ్రోమటోసిస్‌లో నిరోధక కణాలు గాబాను అతిగా వదులుతాయి. పక్కనున్న ఉత్తేజక కణం తగినంత ఉత్తేజితం కాదు, మెగ్నీషియం కదలదు. నూనన్‌లో సినాప్స్ ముందే బలపడి ఉంటుంది, కొత్త పాఠం వచ్చేసరికి బలపడేందుకు చోటుండదు. ఒకచోట తలుపు తెరుచుకోదు, మరోచోట గది ముందే నిండిపోయింది.

గాబాను అడ్డుకునే పిక్రోటాక్సిన్‌ను కొద్ది మోతాదులో ఇస్తే న్యూరోఫైబ్రోమటోసిస్ ఎలుకలు కోలుకున్నాయి. మనుషుల్లో ఆ దారి ప్రమాదకరం, మోతాదు కాస్త పెరిగినా మూర్ఛ వస్తుంది. అందుకే రాస్‌ను తగ్గించే కొలెస్ట్రాల్ మందులైన స్టాటిన్ల వైపు వెళ్లారు. లోవాస్టాటిన్ ఎలుకల్లో పనిచేసింది. పిల్లల మీద 2013లో వెలువడిన సిమ్వాస్టాటిన్ పరీక్షలోనూ, 2016 నాటి లోవాస్టాటిన్ పరీక్షలోనూ ప్రయోజనం కనిపించలేదు. రాస్ సిద్ధాంతమే తప్పని అనుకోవడం తొందరపాటు అని నా అభిప్రాయం. మందు నిరోధక కణాలకు చేరి గాబాను నిజంగా తగ్గించిందో లేదో తెలియకుండా ఆ ఫలితాన్ని ఎలా చదవాలి?

అల్జీమర్స్‌లోనూ ఇదే చిక్కు. ఆ జబ్బు నమూనా ఎలుకల్లో, వేగంగా స్పందించే, పార్వాల్బుమిన్ అనే ప్రొటీను ఉండే నిరోధక కణాల్లో ఎన్‌ఏవీ1.1 సోడియం చానెల్ తగ్గి గామా లయ అనే వేగవంతమైన మెదడు తరంగాల లయ చెదురుతుంది. ఆ జబ్బుకిచ్చే డోనెపెజిల్ మందు మెదడు రసాయనమైన అసిటైల్‌కోలిన్‌ను నిలబెడుతుంది గానీ ఈ లోపాన్ని నేరుగా సరిచేయదు.

ఇకపై జరిగే పరీక్షల్లో మందు మొదలుపెట్టే ముందు, తర్వాత, నిరోధక బలాన్ని కొలవాలి. తల మీద నుంచి అయస్కాంత ప్రేరణతో 2 నుంచి 3 మిల్లీసెకన్ల తేడాలో రెండు పల్సులిచ్చి, కండరం ప్రతిస్పందన ఎంత తగ్గిందో చూస్తే గాబా పనితీరు అంచనాకు వస్తుంది. ఇది కదలికల కార్టెక్స్ కొలత, జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్‌ది కాదు. అయినా ఒక బిడ్డ చేత ఏడాదిపాటు మాత్రలు మింగించేముందు ఇంతమాత్రం చూడాల్సిందే.