తలుపు వేసేస్తే కాపాడినట్టు కాదు

2021 మే నెలలో, సెకండ్ వేవ్ ఉధృతంగా ఉన్నప్పుడు, మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఈ సలహాలు తెగ తిరిగాయి. 'కరోనా వచ్చినవాళ్లను గదిలో పెట్టి తలుపు వేసేయండి. 14 రోజులు ఎవరూ లోపలికి వెళ్లొద్దు. ఫోన్ ఇవ్వొద్దు, టెన్షన్ పడతారు. ఆక్సిజన్ తగ్గితే కర్పూరం, వాము, లవంగాలు మూటకట్టి వాసన చూపించండి.' వీటిని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. రేపు ఇంకో జబ్బు వచ్చినా ఇదే చేస్తారని నా భయం.

ముందు కర్పూరం సంగతి. ఊపిరితిత్తులు వాచి, పీల్చిన గాలిలోని ఆక్సిజన్ రక్తంలోకి చేరకపోవడం వల్ల ఆక్సీమీటర్‌లో రీడింగ్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడిపోతుంది. కర్పూరం ఘాటుకి ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, అంతే. ఆ మూట పట్టుకుని కూర్చున్నంతసేపూ ఆసుపత్రికి ఆలస్యమైపోతుంది. ఆ శాతం 94 కంటే తగ్గితే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లమని కేంద్ర ఆరోగ్యశాఖ అప్పుడే చెప్పింది. సాయం అందేలోపు బోర్లా పడుకోబెట్టమనీ చెప్పింది.

గదిలో ఒంటరిగా వదిలేయమని మాత్రం ఎక్కడా చెప్పలేదు. హోమ్ ఐసోలేషన్‌లో ఉన్నవాళ్లను 24 గంటలూ కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలన్నది అప్పటి నిబంధన. విడి గది ఉండాలి, కిటికీలు తెరవాలి, లోపలికి వెళ్లేటప్పుడు ఇద్దరూ ఎన్95 మాస్కు పెట్టుకుంటే మంచిది. ఎందుకంటే కరోనాలో ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోవచ్చు. 'నాకేం కాలేదురా' అని కరోనా వచ్చిన మా నాన్న అంటూనే ఉన్నారు, వేలికి పెట్టిన ఆక్సీమీటర్ 91 చూపించింది. తలుపు బయట నిలబడి ఉంటే నాకు ఆయన మాటే వినిపించేది.

ఇక 14 రోజుల లెక్కా తప్పే. లక్షణాలు మొదలై కనీసం 10 రోజులు గడిచి, 3 రోజులుగా జ్వరం లేకపోతే చాలని అప్పటి నిబంధన.

ఫోన్ విషయంలో కొంత నిజముంది. పొద్దున్నే చావు కబుర్లు చెప్పే ఫోన్లు ఆపాల్సిందే, మేమూ చుట్టాలను బతిమాలి ఆపించాం. అమెరికాలో ఉన్న అక్కకు మాత్రం రాలేని రోజుల్లో ఫోన్ ఒక్కటే దారి. రోజూ రాత్రి మంచినీళ్ల సీసాకి ఫోన్ ఆనించి వీడియో కాల్ పెట్టేవాణ్ని. నాన్న ఆగి ఆగి మాట్లాడుతున్నారని ముందు పసిగట్టింది అక్కే. 'మీటర్ పెట్టి చూడరా' అంది. ఆ 91 అప్పుడు చూసిందే.

నాన్నను ఆసుపత్రిలో చేర్చాక వార్డులోకి మమ్మల్ని రానివ్వలేదు. హడావుడిలో సంచిలో మందుల చీటీలు పెట్టాం, ఛార్జర్ మర్చిపోయాం. రెండు రోజులు నాన్న గొంతు వినలేదు. మీరు సంచి సర్దేటప్పుడు ఛార్జరే ముందు పెట్టండి.