డిఫెండర్ ఆపేస్తే వెబ్ పేజీ త్వరగా తెరుచుకోదు

నిన్న ఒక్కరోజే ఆ మెసేజ్ నాకు ఐదుసార్లు వచ్చింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి, మారతహళ్లి తెలుగువాళ్ల గ్రూపులో రెండుసార్లు, ఊరినుంచి మా చిన్నాన్న ఒకసారి, చివరికి నాతోపాటు ఇంజినీరింగ్ చదివిన స్నేహితుడు ఒకసారి. "ఇంట్లో కంప్యూటర్‌లో వెబ్ పేజీలు నెమ్మదిగా తెరుచుకుంటున్నాయా? టెక్నీషియన్ అక్కర్లేదు. ఈ ఎనిమిది పనులు చేయండి, స్పీడ్ మూడింతలు గ్యారంటీ" అని మొదలవుతుంది. కింద "పదిమందికి పంపండి" అని ఉంటుంది. చిన్నాన్న పంపితే సరే అనుకున్నాను. ఇరవై ఏళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నవాడు కూడా చదవకుండానే పంపితే ఒళ్లు మండింది. ఎందుకంటే ఆ ఎనిమిదింటిలో రెండు పనులు చేసిన మనిషి ఇంట్లో పోయిన ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని వచ్చాను. ఆ సంగతి తర్వాత చెప్తాను.

మొదటిది, డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి పదిసార్లు రిఫ్రెష్ కొట్టమని. అది తెరమీది ఐకాన్లను మళ్లీ చూపిస్తుంది, అంతే. నెట్‌కీ దానికీ సంబంధం లేదు.

ఏడోది, రూటర్ వెనక అల్యూమినియం ఫాయిల్ పెట్టమని. ఫాయిల్ సిగ్నల్‌ని ఒక పక్కకి మళ్లిస్తుంది, రెండో పక్క తగ్గిస్తుంది. మీ బెడ్‌రూమ్ ఆ రెండో పక్కన ఉంటే ఉన్న సిగ్నల్ కూడా పోతుంది. రూటర్‌ని టీవీ వెనకనుంచి తీసి కాస్త ఎత్తులో పెట్టుకుంటే చాలు.

రెండోది రోజూ రాత్రి హిస్టరీ, క్యాష్, కుకీలు అన్నీ తుడిచేయమంటుంది. ఒక సైటుకి మొదటిసారి వెళ్లినప్పుడు దాని లోగో, ఫాంట్లు, స్క్రిప్టులు దిగి మన డిస్కులో ఉండిపోతాయి, క్యాష్ అంటే అవే. రెండోసారి వెళ్తే అవి నెట్‌నుంచి రానక్కర్లేదు. అందుకే రెండోసారి పేజీ త్వరగా వస్తుంది. వాటిని రోజూ తుడిచేయడమంటే రాత్రి పోపుల డబ్బా ఖాళీ చేసి, పొద్దున్నే ఆవాలకోసం కిరాణా కొట్టుకి పరిగెత్తడమే. ఏదైనా ఒక సైటు వంకరటింకరగా కనిపిస్తుంటే ఆ ఒక్క సైటు డేటా తీసేయండి, ఫలితం ఉంటుంది. కుకీలన్నీ తీసేస్తే మాత్రం లాగిన్ అయిన ప్రతిచోటా మళ్లీ పాస్‌వర్డ్, మళ్లీ ఓటీపీ. అమ్మావాళ్లు ఆ పని చేసి, మెయిల్ పాస్‌వర్డ్ గుర్తులేక ఊరినుంచి నాకు ఫోన్ చేస్తారు.

మూడోది మరీ పాతది. విండోస్ మన నెట్‌లో 20 శాతం తనకోసం దాచుకుంటుందట, గ్రూప్ పాలసీ అనే సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని సున్నా చేయాలట. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చిన రోజులనుంచి ఈ కథ నడుస్తోంది. తమకి ముందు దారి ఇవ్వమని అడిగే ప్రోగ్రాములు కొన్ని ఉంటాయి. అవి అడిగినప్పుడు ఎంతవరకు ఇవ్వాలో ఆ సెట్టింగ్ చెబుతుంది. అలాంటి ప్రోగ్రామ్ ఏదీ వాడుకోకపోతే మొత్తం నెట్ మిగతావాటిదే. ఈ మాట మైక్రోసాఫ్టే అప్పట్లో వివరంగా చెప్పింది. పైగా మన ఇళ్లలో ఎక్కువగా ఉండే విండోస్ హోమ్ ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ ఉండనే ఉండదు. అది దొరకనివాళ్లు ఎక్కడో ఒక ఫైల్ దింపుకుని ఇన్‌స్టాల్ చేసుకుంటారు. అసలు ప్రమాదం అక్కడినుంచే మొదలవుతుంది.

ఇక ఐదోది, ఆరోది. నేను ఇది రాస్తున్నదే వీటికోసం. డిఫెండర్ అంటే విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్, ఫైర్‌వాల్ అంటే బయటినుంచి వచ్చే అక్కరలేని కనెక్షన్లని ఆపే కాపలా.

"ఐదు: విండోస్ డిఫెండర్, ఫైర్‌వాల్, అప్‌డేట్లు మూడూ ఆఫ్ చేయండి. ఇవే మీ నెట్‌ని తినేస్తున్నాయి. ఆరు: కింది లింకునుంచి స్పీడ్ బూస్టర్ వేసుకోండి. అర్థం కాకపోతే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి, మావాళ్లు మీ స్క్రీన్ చూసి సెట్ చేస్తారు."

మా పక్క ఫ్లాట్‌లో ఉండే మాస్టారిది కడప జిల్లా. రిటైరై కొడుకు దగ్గర ఉంటున్నారు. పొద్దున్నే కాఫీతో పాటు తెలుగు ఈ-పేపర్ తెరవడం ఆయన అలవాటు. "పేజీ తిప్పితే నిమిషం పడుతోంది బాబూ, ఆ గ్రూపులో వచ్చిన ఐదోదీ ఆరోదీ చేశాను, ఇప్పుడు అసలుకే రావడం లేదు" అని పిలిచారు. వెళ్లేసరికి తెరమీద ఎర్రటి పెట్టె, అందులో "1,247 లోపాలు కనుగొనబడ్డాయి", దానికింద ఫోన్ నంబర్. బూస్టర్ వేసిన పని అది. బ్రౌజర్ హోమ్ పేజీ మారిపోయింది, పైన ఎవరిదో సెర్చ్ బార్ వచ్చి చేరింది. డిఫెండర్ ఆపేసి ఉంది. బల్లమీద డైరీ తెరిచి ఉంది. ఎర్ర పెట్టెలోని పది అంకెలూ గుండ్రటి చేతిరాతతో అందులో రాసుకున్నారు. అదే పేజీలో నాలుగు వరుసల పైన ఆయన నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ ఉంది. ఫోన్ చేతిలో ఉంది. నేను పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లుంటే ఆ కాల్ కలిసేది.

కాల్ కలిస్తే ఏమయ్యేదో ఊహించక్కర్లేదు. ఎనీడెస్క్ లాంటి యాప్ వేసుకోమంటారు, తెరమీద వచ్చే కోడ్ చెప్పమంటారు. ఆ తర్వాత మౌస్ వాళ్ల చేతిలో ఉంటుంది. ఆ యాప్ మంచిదే, ఆఫీసుల్లో రోజూ వాడతాం. ముక్కూమొహం తెలియనివాడికి కోడ్ ఇవ్వడమే ప్రమాదం. ఈ పద్ధతిలో ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులని హెచ్చరించింది. ఇన్నేళ్ల తర్వాత అదే ఎరని మనమే "మంచి సమాచారం" అని పెద్దవాళ్లకి పంపుతున్నాం. ఎవరింట్లోనైనా ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బుని దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

డిఫెండర్ నెట్‌ని తింటుందన్నది అబద్ధం. దిగిన ఫైల్‌ని అది చూసే మాట నిజమే, కానీ మామూలు పేజీ తెరిచేటప్పుడు ఆ తేడా మన కంటికి ఆనదు. పాత హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్‌లో ఫుల్ స్కాన్ నడుస్తుంటే నెమ్మదిస్తుంది, స్కాన్ అయిపోగానే సర్దుకుంటుంది. రెండు యాంటీవైరస్‌లు వేసుకుని ఉంటే ఒకటి తీసేయండి. రెండూ తీసేయమని ఎవరు చెప్పారు? గాలి రావడం లేదని వీధి తలుపు గొళ్లెం ఊడబీకి పడుకుంటామా? ఫైర్‌వాల్ ఆపినా అంతే, పేజీ రావడానికి పట్టే సమయం ఏమీ తగ్గదు.

అప్‌డేట్లు దిగేటప్పుడు నెట్ వాడుకుంటాయి, అది ఒప్పుకుంటాను. దానికి సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, డెలివరీ ఆప్టిమైజేషన్ అనే దారి ఉంది. ఎంత స్పీడ్ మించకూడదో అక్కడ పెట్టుకోవచ్చు. మొత్తానికే ఆపేస్తే ఏమవుతుందో 2017లో చూశాం. మార్చిలో మైక్రోసాఫ్ట్ ఒక లోపానికి అప్‌డేట్ ఇచ్చింది. మే 12న అదే లోపం మీదుగా, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై ప్రపంచమంతా పాకింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులని వెనక్కి పంపాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. అప్పటికి మందు వచ్చి రెండు నెలలైంది. వేసుకున్న కంప్యూటర్లలోకి అది ఆ దారిన రాలేకపోయింది. పైగా విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంకా దాన్నే వాడుతున్నవాళ్లు 11కి మారడమో, పొడిగించిన భద్రతా అప్‌డేట్లకి నమోదు చేసుకోవడమో చేయాల్సిన సమయంలో, ఉన్న కాపలా కూడా తీసేయమని చెబుతోంది ఈ మెసేజ్. మీకు చేతులెలా వచ్చాయి దీన్ని ముందుకు నొక్కడానికి?

సరే, మాస్టారి ల్యాప్‌టాప్‌కి అసలు జబ్బేమిటి? బూస్టర్ తీసేసి, డిఫెండర్ మళ్లీ ఆన్ చేసి, ఫుల్ స్కాన్ చేసి, పాస్‌వర్డ్ మార్పించాక నిదానంగా చూశాం. బెడ్‌రూమ్‌లో స్పీడ్ టెస్ట్ పెడితే 9 ఎంబీపీఎస్. రూటర్ పక్కన కూర్చుంటే 41. రూటర్‌కి కేబుల్ తగిలిస్తే 94. ఆయన కడుతున్నది 100 ప్లాన్‌కి. అంటే నెట్ ఇచ్చేవాళ్ల తప్పు లేదు, కంప్యూటర్ దాచుకుంటున్నదీ లేదు. గోడలు, వైఫై మధ్యలో మింగేస్తున్నాయి. రూటర్ హాల్లో టీవీ కింద చెక్క అల్మరాలో ఉంది. ల్యాప్‌టాప్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి తగులుకుని ఉంది. మన అపార్ట్‌మెంట్లలో ఆ బ్యాండ్, అంటే ఆ రేడియో దారి, సంతలా ఉంటుంది. ఒకదాన్నొకటి తగలకుండా నడిచే ఛానళ్లు అందులో 1, 6, 11, ఈ మూడే. మాస్టారి మంచం దగ్గర నిలబడి లెక్కపెడితే 27 వైఫైలు కనిపించాయి. వంటింట్లో మైక్రోవేవ్ కూడా పనిచేసేది ఆ బ్యాండ్‌లోనే. 5 గిగాహెర్ట్జ్‌లో ఆ రద్దీ తక్కువ, కానీ అది గోడలు దాటి రావడానికి కష్టపడుతుంది. అందుకని రూటర్‌ని అల్మరాలోంచి తీసి, రెండు గదులకీ మధ్యనున్న నడవలో ఎత్తుగా పెట్టి, 5 గిగాహెర్ట్జ్ పేరుకి కలిపాం. బెడ్‌రూమ్‌లోనే 60 దాటింది.

అయినా ఈ-పేపర్ పేజీకి ఇరవై సెకన్లు పడుతోంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ దగ్గర 100 శాతం అని ఎర్రగా కనిపించింది. 4 జీబీ ర్యామ్, తిరిగే పాత హార్డ్ డిస్క్, బ్రౌజర్‌లో పద్నాలుగు ట్యాబులు. ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కుని ర్యామ్‌లాగా వాడుకుంటుంది, డిస్క్ అందుకోలేదు, పేజీ నిలబడిపోతుంది. నెట్ ఎంత ఉన్నా దీనికి మందు కాదు. తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, అంటే ఎస్ఎస్‌డీ, వేయించమని వాళ్లబ్బాయికి చెప్పాను. అంతవరకు మూడు ట్యాబులకి మించి తెరవనని మాస్టారు మాట ఇచ్చారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ మెసేజ్ ఎనిమిది పనులు చెప్పింది గానీ ఎక్కడ నెమ్మదిగా ఉందో ముందు చూడమని ఒక్క మాట చెప్పలేదు. అదే వైఫై మీద ఫోన్‌లో పేజీ త్వరగా వస్తే జబ్బు కంప్యూటర్‌లో ఉంది. ఫోన్‌లోనూ రాకపోతే వైఫైలోనో, లైన్‌లోనో ఉంది. ఒక్క సైటే రాకపోతే మీరు చేయగలిగింది లేదు. పరీక్షా ఫలితాలు వచ్చిన రోజు ఆ సైటు ఎవరికీ తెరుచుకోదు కదా. ఇన్‌కాగ్నిటో విండోలో త్వరగా వస్తే బ్రౌజర్‌కి తగిలించుకున్న ఎక్స్‌టెన్షన్లు చూడండి, అవి మామూలుగా ఇన్‌కాగ్నిటోలో పనిచేయవు. ఇంకా తెలియాలంటే ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, పేజీ రీలోడ్ చేయండి. ఏ ఫైల్ ఎంతసేపు పట్టిందో వరుసగా గీతలు కనిపిస్తాయి. పది నిమిషాల పని.

ఎనిమిదోది పెద్ద ప్లాన్‌కి మారమంటుంది. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 12.5 మెగాబైట్లు. రెండు మూడు మెగాబైట్ల పేజీ దానిమీద అర సెకను కూడా పట్టకూడదు. పడుతోందంటే కారణం సైజు కాదు, రాకపోకలు. సర్వర్ అమెరికాలో ఉంటే బెంగళూరునుంచి ఒక కబురు వెళ్లి తిరిగి రావడానికే 200 మిల్లీసెకన్లు దాటుతుంది. పేజీలో మొదటి అక్షరం రాకముందే అలాంటి రాకపోకలు మూడు నాలుగు జరుగుతాయి. 300 ప్లాన్ తీసుకుంటే అమెరికా దగ్గరికి రాదు. ఇంట్లో నలుగురూ ఒకేసారి వీడియో కాల్స్‌లో ఉంటే పెద్ద ప్లాన్ తీసుకోండి, ఒక్కరు పేపర్ చదవడానికి ఆ డబ్బు దండగ.

మిగిలింది నాలుగోది. రూటర్‌లో డీఎన్ఎస్‌ని గూగుల్ నడిపే 8.8.8.8కి మార్చమనేది. దీన్ని నేను ఏళ్ల తరబడి కొట్టిపారేస్తూ వచ్చాను. డీఎన్ఎస్ పని సైటు పేరుకి అడ్రస్ చెప్పడం వరకే, అది పేజీ స్పీడ్‌ని ఏం మారుస్తుందని గ్రూపులో ఇద్దరితో గట్టిగా వాదించాను కూడా. కిందటి నెల మా ఇంట్లోనే సాయంత్రాలు ఏ కొత్త సైటు తెరిచినా బ్రౌజర్ అడుగున "రిజాల్వింగ్ హోస్ట్" (అడ్రస్ వెతుకుతున్నాను) అని నాలుగైదు సెకన్లు నిలబడేది, ఆ తర్వాత పేజీ టక్కున వచ్చేసేది. స్పీడ్ టెస్ట్ చూస్తే నిండుగా ఉంది. రూటర్‌లో డీఎన్ఎస్ మార్చి చూశాను, ఆ నిలబడడం ఆ సాయంత్రమే పోయింది. వీడియోలు, డౌన్‌లోడ్లు ఏమీ పెరగలేదు, మూడింతలు అసలే కాదు. కానీ ఆ నాలుగైదు సెకన్లు పోయాయి. వాదించిన ఇద్దరికీ నాదే తప్పని మెసేజ్ పెట్టాను.

స్నేహితుడికి రాత్రి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "అయితే ఏం చేయమంటావురా?" అన్నాడు. పంపిన ప్రతి గ్రూపులోనూ అది డిలీట్ చేయి, డిలీట్ కాకపోతే ఐదూ ఆరూ చేయొద్దని కింద రాయి, మీ అమ్మగారికి మాత్రం ఫోన్ చేసి చెప్పు అన్నాను. నాలుగో పాయింటు ఒక్కటే ఉంచి పంపితే నేనూ ఫార్వర్డ్ చేస్తాను.